మాటను చంపిన కత్తికి జవాబు

రఫాయెల్ సబటీని 1921లో ప్రచురించిన ‘స్కారమూష్’ నవల ఒక హత్యతో కదులుతుంది. విప్లవానికి ముందటి ఫ్రాన్స్ దాన్ని హత్య అనదు, ద్వంద్వయుద్ధం అంటుంది. బ్రిటనీ ప్రాంతంలో ఒక పేదవాడు ఉచ్చులో పడ్డ అడవికోడిని తీసుకోబోయి, జమీందారు మనుషుల తుపాకీకి బలవుతాడు. మతగురువు కావడానికి చదువుకుంటున్న ఫిలిప్ ద విల్మొరాన్ అనే యువకుడు ఆ అన్యాయాన్ని ఊరుకోలేక జమీందారు మార్క్విస్ ద లా తూర్ దజీర్‌నే నిలదీస్తాడు. మార్క్విస్ వాదించడు. మాటామాటా పెంచి, కుర్రవాడు చెయ్యి చేసుకునేదాకా రెచ్చగొట్టి, మర్యాద కాపాడుకోవాలన్న నెపంతో కత్తి దూస్తాడు. కత్తి పట్టడం సరిగ్గా రాని ఫిలిప్ క్షణాల్లో చచ్చిపోతాడు. చంపినందుకు మార్క్విస్ చెప్పుకున్న కారణమే ఈ కథకంతటికీ మూలం: ఈ కుర్రవాడికి మాట్లాడే శక్తి మితిమీరి ఉంది, అలాంటివాడు బతికితే మా వర్గానికి ప్రమాదం. అంటే మాటకు జవాబు లేనివాడు మాట్లాడేవాణ్ణే లేకుండా చేశాడు. 1952లో మెట్రో గోల్డ్‌విన్ మేయర్ సంస్థ ఇదే నవలను రంగుల సినిమాగా తీసినప్పుడు, చివర్లో ఆరు నిమిషాలకు పైగా సాగే కత్తియుద్ధం ఒకటి పెట్టింది. సినిమా చరిత్రలో దీర్ఘమైన కత్తియుద్ధాల్లో ఒకటిగా దాన్ని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ యుద్ధాన్ని కథ అయిపోయాక ప్రేక్షకుడికి కొసరుగా వేసిన వినోదం అనుకుంటే పొరపాటు. నవల మొదట్లో జరిగిన ఆ హత్యకు అది జవాబు. కత్తియుద్ధాల సినిమా అనే సంప్రదాయంలో విలువైనదంతా ఈ ఒక్క ఉదాహరణలో దొరుకుతుందని నా నమ్మకం: నవల వాక్యాలతో చేసే వాదనను ఈ సినిమాలు మనిషి ఒంటితో చేయిస్తాయి.

సబటీని ఇటలీలోని యేసి పట్టణంలో 1875లో పుట్టాడు. తండ్రి ఇటాలియన్, తల్లి ఇంగ్లీషు మనిషి, ఇద్దరూ ఒపెరా గాయకులు. చాలా భాషలు తెలిసి కూడా అతను ఇంగ్లీషులోనే రాశాడు. రంగస్థలం అతనికి పుట్టుకతో తెలిసిన లోకం. అందుకే కాబోలు ‘స్కారమూష్’ను మూడు భాగాలుగా విడదీసి, వాటికి మూడు వృత్తుల చిహ్నాలను పేర్లుగా పెట్టాడు: న్యాయవాది వేసుకునే గౌను, పాతకాలపు నటుల పాదరక్ష, కత్తి. కథానాయకుడు ఆంద్రే-లూయీ మోరో మొదట వకీలు. స్నేహితుడు ఫిలిప్ చనిపోయాక రెన్ నగరానికి వెళ్లి న్యాయం అడుగుతాడు, దొరకదు. అప్పుడు ఫిలిప్ నమ్మిన మాటలనే ఫిలిప్ గొంతుగా జనం ముందు పలుకుతాడు. తమాషా ఏమిటంటే, ఆ మాటల మీద అతనికి పెద్ద నమ్మకం లేదు. విప్లవం గురించి ఫిలిప్ ఆవేశాన్ని అంతకుముందు వెక్కిరించినవాడే. పగతో మొదలుపెట్టిన ఉపన్యాసం మెల్లగా అతని సొంత నమ్మకమవుతుంది. ప్రభుత్వం వెంటపడితే ఊరూరూ తిరిగే ఇటాలియన్ హాస్యనాటక బృందంలో చేరి స్కారమూష్ వేషం కడతాడు. ఆ తర్వాత పారిస్‌లో బెర్ట్రాన్ దేజామీ నడిపే కత్తిసాము పాఠశాలలో చేరి, పుస్తకాలు చదివి, ఎత్తుగడలను చదరంగంలోలా ముందే లెక్కగట్టే పద్ధతి ఒకటి తయారుచేసుకుంటాడు. వకీలుగా వాదించాడు, వినలేదు. నటుడిగా ఎగతాళి చేశాడు, జనం విన్నారు. చివరికి కత్తి పట్టుకుంటేనే ఎదుటివాడు విన్నాడు. ఈ మూడు మెట్లూ ఎక్కకుండా నాయకుడు తిన్నగా మార్క్విస్ మీదికి పోతే అది మామూలు పగ కథ అయ్యేది.

సినిమా ఈ కథను ఎంతగా మార్చిందో చూస్తే నవలాభిమానికి కోపం రావడం సహజం. దర్శకుడు జార్జ్ సిడ్నీ, స్క్రీన్‌ప్లే రాసిన రొనాల్డ్ మిల్లర్, జార్జ్ ఫ్రోషెల్ పేర్లనే మార్చేశారు. మార్క్విస్ ఇక్కడ ద మేన్. ఫిలిప్ మతవిద్యార్థి కాదు, మార్కస్ బ్రూటస్ అనే మారుపేరుతో రహస్యంగా కరపత్రాలు రాసే యువకుడు. ఆంద్రే వకీలు వృత్తి ఎగిరిపోయింది. నటి లెనోర్‌గా ఎలినోర్ పార్కర్, రాణి సంరక్షణలో పెరిగే అలీన్‌గా జానెట్ లీ వచ్చి, నవలలో లేని సరసం బోలెడు తెచ్చారు. సంఘటనల జాబితా పెట్టుకుని టిక్కులు కొట్టేవాడికి ఈ సినిమాలో నవల సగం కూడా మిగలదు. ఒక్క మార్పును మాత్రం దగ్గరగా చూడాలి. నవలలో మార్క్విస్‌తో ఆంద్రే రెండుసార్లు ముఖాముఖి తలపడతాడు. మొదటిది నాంత్ నగరంలోని థియేటర్లో: వేషం వేసుకున్న ఆంద్రే, బాక్సులో కూర్చున్న మార్క్విస్‌ను చూసి, నాటకంలో లేని మాటలు అందుకుని ప్రేక్షకులను అతని మీదికి ఉసిగొల్పుతాడు. అక్కడ పనిచేసేది మాట, కత్తి కాదు. రెండోది చాలా తర్వాత, సాక్షుల మధ్య పద్ధతిగా జరిగే ద్వంద్వయుద్ధం. అది మార్క్విస్‌కు గాయంతో ముగుస్తుంది. అక్కడ పనిచేసేది కత్తి, కానీ చూసే జనం లేరు. సినిమా ఈ రెండింటినీ కలిపి ఒకే చోట పెట్టింది. వేషంలో ఉన్న ఆంద్రే వేదిక మీదినుంచి బాక్సులోని మార్క్విస్‌ను చూస్తాడు, ముసుగు తీస్తాడు, కత్తి పట్టుకుని పైకి ఎక్కుతాడు. నవల మూడు భాగాల్లో విడివిడిగా నడిపిన న్యాయస్థానం, రంగస్థలం, కత్తి ఇక్కడ ఒకే గదిలోకి వచ్చాయి. తీర్పు చెప్పే జనం కుర్చీల్లోనే ఉన్నారు. సంఘటనలను వదిలేసిన సినిమా నవల నిర్మాణాన్ని మాత్రం పట్టుకుంది, అది కూడా నవలకంటే బిగువుగా. ఇదే సబటీని మరో నవల ‘ద సీ హాక్’ పేరుతో 1940లో వచ్చిన ఎర్రల్ ఫ్లిన్ సినిమా, నవల పేరు తప్ప కథ ఏమీ తీసుకోలేదు. వినోదంగా అది గొప్ప సినిమా. అనుసరణ అనే మాట మాత్రం దానికి అతకదు. ‘స్కారమూష్’కు అతుకుతుంది.

ఇంత బరువును ఒక కత్తియుద్ధం మోయాలంటే దానికి వ్యాకరణం కావాలి. ఆ వ్యాకరణం 1952 నాటికి ముప్పై ఏళ్ల పాతది. 1920లో డగ్లస్ ఫెయిర్‌బాంక్స్ ‘ద మార్క్ ఆఫ్ జోరో’తో గోడలు దూకే నాయకుణ్ణి తెరకు తెచ్చాడు. అతని ఒడుపు, నవ్వు కలిసి ఆ తరహా సినిమాకు రూపం ఇచ్చాయి. కత్తి పనికి శాస్త్రం తెచ్చింది మాత్రం బెల్జియం నుంచి వచ్చిన ఫ్రెడ్ కావెన్స్ లాంటి ఫెన్సింగ్ మాస్టర్లు. 1935లో సబటీని నవల నుంచే వచ్చిన ‘కెప్టెన్ బ్లడ్’లో సముద్రపు ఒడ్డున ఫ్లిన్, బాసిల్ రాత్‌బోన్ తలపడే పోరు, 1938 ‘ద అడ్వెంచర్స్ ఆఫ్ రాబిన్ హుడ్’లో నీడలు స్తంభం మీద పోరాడే దృశ్యం, 1940 ‘ద మార్క్ ఆఫ్ జోరో’లో గదిలో జరిగే పోరు, ఇవన్నీ కావెన్స్ కూర్చినవే. ఫెన్సింగ్ పోటీలో కత్తి మొన కదలిక అంగుళాల్లో ఉంటుంది, కన్ను పట్టుకోలేదు. పక్కనున్న నిపుణుడు చెప్తేనే ఎవరు గెలిచారో తెలుస్తుంది. తెర మీద అది పనికిరాదు. అందుకే పోటును, వేటును, కాచుకోవడాన్ని పెద్దవి చేయాలి, అయినా తప్పు కాకూడదు. పెద్దగా ఉండాలి, సరిగ్గా ఉండాలి: ఈ రెండు షరతుల మధ్యే సినిమా కత్తిసాము పుట్టింది. ప్రతి దెబ్బకూ ఒక వరుస ఉంటుంది. నటులు దాన్ని అడుగుల లెక్కతో మెల్లగా నేర్చుకుని, వారాల తరబడి వేగం పెంచుకుంటూ పోతారు. కత్తిని ఎదుటివాడి ఒంటి పక్కకు గురిపెడతారు. దెబ్బ వచ్చేముందు కళ్లతో సంకేతం ఇచ్చుకుంటారు. చూసేవాడికి శత్రుత్వంగా కనిపించేదంతా నిజానికి ఇద్దరు మనుషుల మధ్య గాఢమైన నమ్మకం. ఒకడు లెక్క తప్పితే రెండోవాడి కన్ను పోతుంది.

‘స్కారమూష్’ కత్తిపని చూసినవాడు కూడా బెల్జియం మాస్టరే, జాన్ హెరెమాన్స్. నాలుగేళ్ల ముందు ఇదే దర్శకుడు తీసిన ‘ద త్రీ మస్కటీర్స్’కు కూడా ఆయనే పనిచేశాడు. ఆ సినిమాలో దార్తన్యాన్ వేసింది నర్తకుడు జీన్ కెల్లీ. ‘స్కారమూష్’లో మార్క్విస్ వేసిన మెల్ ఫెరర్ కూడా ఒకప్పుడు బ్రాడ్‌వేలో నాట్యం చేసినవాడే. ఇది యాదృచ్ఛికం అనుకోను. వరుస గుర్తుపెట్టుకుని, ఎదుటి మనిషి ఊపిరిని బట్టి అడుగు వేసి, అదంతా అప్పుడే పుట్టినట్టు కనిపించేలా చేయడం నర్తకుడి చదువు. ఫెరర్ మార్క్విస్ కత్తి పట్టుకున్నప్పుడు నడుము పైభాగం కదలదు. మణికట్టు, పాదాలు మాత్రమే పనిచేస్తాయి. పని తక్కువ కనిపించడమే అతని అహంకారం. స్టీవర్ట్ గ్రేంజర్ ఆంద్రే అందుకు పూర్తిగా వేరు. భుజం నుంచి కొడతాడు, ముఖంలో కోపం దాచుకోడు. ఇద్దరి వర్గాల తేడా, పెంపకం తేడా ఒక్క డైలాగు లేకుండా వాళ్లు నిలబడే తీరులో కనిపిస్తుంది. నవలాకారుడికి ఇందుకు ఒక పేరా కావాలి.

ఈ సినిమాలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచేది కత్తియుద్ధం కాదు, కత్తి నేర్చుకోవడం. ఫిలిప్ చనిపోయిన క్షణాన ఆంద్రే కత్తి అందుకుని మార్క్విస్ మీద పడతాడు. మార్క్విస్ అతన్ని పిల్లవాణ్ణి ఆడించినట్టు ఆడిస్తాడు. ఓటమి ఎంత పూర్తిగా ఉంటుందంటే, అక్కడినుంచి పారిపోవడమే ఆంద్రే సాధించిన ఒకే ఒక్క విజయం. తర్వాత అతను వెళ్లి పాఠం అడిగేది ఎవరిని? మార్క్విస్‌కు నేర్పిన డుత్రెవాల్‌నే, అదీ మార్క్విస్ ఇంటిలోనే, దొంగచాటుగా. కత్తి పిడిని చేతిలో పిట్టను పట్టుకున్నట్టు పట్టుకోవాలని, వదులైతే ఎగిరిపోతుందని, బిగిస్తే ఊపిరాడక చస్తుందని ఆ గురువు చెప్పే మాట ఈ సినిమా చూసినవాళ్లు మరచిపోరు. పాఠం మధ్యలో మార్క్విస్ వచ్చేస్తాడు. రెండోసారి కూడా ఆంద్రే ఓడిపోతాడు, కానీ మొదటిసారికంటే కొంచెం ఎక్కువసేపు నిలబడతాడు. ఆ కొంచెం మనకు తెలియాలి, అదే దర్శకుడి పని. తర్వాత గురువుకు గురువైన పెరిగోర్ దగ్గరికి పారిస్ వెళ్తాడు. మూడు దశల్లో ఒకే నటుడి ఒంటిలో నైపుణ్యం ఎలా పెరిగిందో చూపడం అంటే గ్రేంజర్ ముందుగా బాగా నేర్చుకుని, ఆపైన సరిగ్గా రానట్టు నటించడం నేర్చుకోవాలి. చివరి పోరులో ఆంద్రే చేసే ప్రతి కాపు మనకు ఇంతకుముందు పాఠంలో పరిచయమైనదే. అందుకే అది మాయలా అనిపించదు. చదువుగా అనిపిస్తుంది.

ఇక ఆ పోరు. వేదిక మీదినుంచి బాక్సులోకి ఎక్కగానే ఇద్దరూ బాక్సుల బయటి అంచు మీదికి దిగుతారు. పాదం మందాన ఉండే ఆ అంచు మీద ఒకడు వెనక్కి, ఒకడు ముందుకి నడుస్తూ కత్తులు కలుపుతారు. వెనక బాక్సుల్లో కూర్చున్న దొరలూ దొరసానులూ ఒళ్లు వెనక్కి లాక్కుంటారు. వెనక్కి నడిచేవాడికి తర్వాతి అడుగు ఎక్కడ పడుతుందో తెలియదు. కత్తిని చూడాలా, పాదాన్ని చూడాలా అన్న చిక్కు ప్రేక్షకుడికి కూడా పట్టుకుంటుంది. అక్కడినుంచి లాబీ మెట్ల మీదికి, మెట్ల నుంచి ప్రేక్షకుల కుర్చీల వీపుల మీదికి, కుర్చీల నుంచి తెరల వెనక పాత సామాన్ల మధ్యకి, చివరికి వేదిక మీదికి పోరు సాగుతుంది. ఈ వరుసలో ఒక తర్కం ఉంది. మొదట దొరల బాక్సులు, తర్వాత అందరూ తిరిగే మెట్లు, ఆ తర్వాత జనం కుర్చీలు, చివర్లో నటుల చోటు. మార్క్విస్ తనకు అలవాటైన ఎత్తు నుంచి ఒక్కో మెట్టూ దిగి ఆంద్రే ఇంటికి వచ్చాడు. తెరల వెనక ఏ తాడు ఎక్కడ కడతారో ఆంద్రేకు తెలుసు, మార్క్విస్‌కు తెలియదు. కత్తిలో వాళ్లిద్దరూ ఇప్పుడు సమానులే కావచ్చు, కానీ ఆ చోట మాత్రం బతికినవాడికీ చూడవచ్చినవాడికీ తేడా ఉంటుంది. నవల మధ్య భాగం అంతా, నాటక బృందంతో ఊళ్లు తిరిగిన ఆ నెలలన్నీ, ఈ ఒక్క సౌకర్యంలోకి కుదించుకుపోయాయి.

ఈ ఆరు నిమిషాల్లో నేపథ్య సంగీతం వినిపించదు. విక్టర్ యంగ్ సంగీతం సినిమా అంతటా ధారాళంగా ఉంటుంది, ఇక్కడ మాత్రం ఆగిపోతుంది. కత్తుల చప్పుడు, అడుగుల చప్పుడు, ప్రేక్షకుల ఉలికిపాటు మాత్రమే మిగులుతాయి. 1930లలో ఎరిక్ కోర్న్‌గోల్డ్ కూర్చిన సంగీతం లేకుండా ఫ్లిన్ పోరాటాలను ఊహించలేం, అంత బలమైన అలవాటు అది. దాన్ని వదులుకోవడం పెద్ద సాహసం. సంగీతం ఉంటే ఎవరు గెలుస్తున్నారో అది ముందే చెప్పేస్తుంది, భయపడాలో సంబరపడాలో కూడా చెప్తుంది. అది లేనప్పుడు కత్తుల లయే మనకు దిక్కు. వేగం పెరిగితే ఒకడు తొందరపడుతున్నాడని, ఆగితే ఇద్దరూ ఊపిరి తీసుకుంటున్నారని మన చెవే పట్టుకోవాలి. కెమెరా కూడా అంతే మర్యాద పాటించింది. ఎక్కువ చోట్ల ఇద్దరి తల నుంచి పాదం దాకా ఒకే చట్రంలో ఉంటాయి, షాటు ఒక వరుస పూర్తయ్యేదాకా తెగదు. నిజంగా ఆ నటులే ఆ పని చేస్తున్నారని కన్ను నమ్ముతుంది. తెలుగు ప్రేక్షకులు జానపద చిత్రాల కాలంలో టి.ఎల్. కాంతారావును ‘కత్తి కాంతారావు’ అని పిలుచుకున్నది కూడా ఈ నమ్మకంతోనే. నటుడి పేరు ముందు ఆయుధం పేరు చేర్చడం కంటే ప్రేక్షకుడు ఇవ్వగల పెద్ద బిరుదు లేదు.

ఇదంతా అబద్ధం కదా అని అడిగేవాళ్లున్నారు. పద్దెనిమిదో శతాబ్దపు ఫ్రెంచి దొరలు వాడిన సన్నని కత్తి పొడవడానికి చేసినది. దానితో నిజమైన ద్వంద్వయుద్ధం చాలాసార్లు కొన్ని క్షణాల్లో, ఒకటి రెండు పోట్లతో తేలిపోయేది. కుర్చీల మీద పరుగెత్తే తీరిక ఎవరికీ ఉండదు. ఈ అభ్యంతరంలో నిజం ఉంది. కానీ సినిమా తన మొదటి ద్వంద్వయుద్ధాన్ని, ఫిలిప్ చావును, సరిగ్గా అలాగే చూపించింది: చిన్నది, ఏకపక్షం, ఘోరం. నిజం ఎలా ఉంటుందో దానికి తెలుసు. చివరి పోరు పొడవు వాస్తవానికి సంబంధించినది కాదు, కథ బాకీకి సంబంధించినది. అప్పుడు క్షణాల్లో నోరు మూయించిన మనిషికి ఇప్పుడు అంత తేలిగ్గా ముగిసిపోయే వీలు ఇవ్వకూడదు. అతను వినాలి, చాలాసేపు వినాలి, జనం ముందు వినాలి. పైగా ఈ పోరు జరిగేది థియేటర్లో. కుర్చీల్లో ప్రేక్షకులు ఉన్నారు, పోరాడేవాళ్లలో ఒకడు వేషం మీద ఉన్నాడు. ఇది ప్రదర్శన అని సినిమా తానే ఒప్పుకుంటోంది. ఒప్పుకున్నదాన్ని అబద్ధం అనడం సరికాదు.

ఇంతకంటే గట్టి అభ్యంతరం రాజకీయానికి సంబంధించినది. ఫ్రెంచి విప్లవం అంత పెద్ద సంగతిని ఇద్దరు అందగాళ్ల కొట్లాటగా కుదించేయడం న్యాయమా? 1923లో రెక్స్ ఇంగ్రామ్ రామోన్ నొవారోతో తీసిన మూకీ ‘స్కారమూష్’ జనసమూహాలకు పెద్దపీట వేసింది. అందులో పారిస్ వీధులు నిజంగా కదిలిపోతాయి. 1952 సినిమాలో ఆకలి కనిపించదు, అడవికోడి కోసం చచ్చిన పేదవాడు కనిపించడు. ఈ లోటును నేను కాదనను. అది నష్టమే. అయినా నవల రాజకీయంలో ఒక ముఖ్యమైన ముక్కను ఈ సినిమా వదల్లేదు. జాతీయ సభలో సామాన్యుల తరఫు ప్రతినిధులను వాదనలో ఓడించలేని దొరలు, వాళ్లను ఒక్కొక్కరినే అవమానించి, ద్వంద్వయుద్ధానికి లాగి చంపుతుంటారు. ఫిలిప్‌ను చంపిన పద్ధతే ఇప్పుడు ఒక వర్గం మొత్తానికి విధానం అయింది. ఆంద్రే సభ్యుడై వచ్చి, సవాలు చేసిన ప్రతి దొరతోనూ పొద్దున్నే తలపడి, ఆ రోజు సభకు ఫలానా దొరగారు రాలేరని వచ్చి చెప్తాడు. సినిమా దీన్ని హాస్యంగా నడిపింది, కానీ అందులోని విషయం హాస్యం కాదు. గౌరవం పేరుతో ఉన్న ఒక ఆచారం ఎలా నోరు నొక్కే సాధనం అయిందో, దాన్ని ఎదుర్కోవడానికి సామాన్యుడు దొరల ఆయుధాన్నే దొరలకంటే బాగా ఎందుకు నేర్చుకోవాల్సి వచ్చిందో ఇంత స్పష్టంగా చెప్పిన వినోద చిత్రం మరొకటి నాకు తోచదు. నాయకుడు పుట్టుకతో గొప్పవాడు కాబట్టి గెలవడం లేదు. నేర్చుకున్నాడు కాబట్టి గెలుస్తున్నాడు.

పుట్టుక మాట వచ్చింది కాబట్టి ఈ సినిమాలో నాకు నచ్చని భాగం కూడా చెప్పాలి. నవలలో చివరికి తెలిసేది మార్క్విస్ ఆంద్రేకు తండ్రి అని. తను ద్వేషించిన వర్గమే తనను కన్నదన్న ఆ దెబ్బ చాలా లోతైనది, మూకీ చిత్రం దాన్ని అలాగే ఉంచింది. 1952 సినిమా తండ్రిని అన్నగా మార్చింది, అదీ సవతి అన్నగా. ఫెరర్, గ్రేంజర్ల వయసులు తండ్రీకొడుకులకు పొసగవు. అంతవరకు అర్థం చేసుకోవచ్చు. కానీ ఆ మార్పుతో అలీన్ తన చెల్లెలేమో అన్న అనవసరమైన ముడి ఒకటి పడి, దాన్ని విప్పడానికి చివర్లో హడావిడిగా వివరణ ఇవ్వాల్సి వచ్చింది. ఆ వివరణ ఇచ్చేది ఫిలిప్ తండ్రి, ఆ పాత్ర వేసింది లూయిస్ స్టోన్. 1923 మూకీలో మార్క్విస్ వేషం వేసింది ఇదే స్టోన్. ఒకప్పుడు తండ్రి రహస్యాన్ని మోసిన నటుడే ఇప్పుడు అన్న రహస్యాన్ని విప్పుతున్నాడు. ఈ సంప్రదాయం తన పాత రూపాలను ఎంత ప్రేమగా గుర్తుపెట్టుకుంటుందో చూపే సంగతి ఇది. అయితే అసలు సంగతి వరుసలో ఉంది. వేదిక మీద మార్క్విస్ గుండెకు కత్తి ఆనించి, అతని ప్రాణం తన చేతిలో ఉన్నా, ఆంద్రే పొడవలేకపోతాడు. కత్తిని వదిలేసి వెళ్లిపోతాడు. చుట్టరికం తెలిసింది ఆ తర్వాతే. పొడవకపోవడానికి ఆ క్షణాన కారణం ఏదీ చెప్పరు. తర్వాత వచ్చిన వివరణను పక్కన పెట్టి చూస్తే, రెండు ఓటములు తిని, పగ కోసమే బతికిన మనిషి చేతిలో ఆగిపోయిన కత్తి మాత్రమే మిగులుతుంది. మార్క్విస్ దగ్గర ఏనాడూ లేనిది అదే. ఫిలిప్ విషయంలో అతని కత్తి ఆగలేదు.

ఈ సంప్రదాయానికి అసలైన సవాలు బయటి విమర్శకుల నుంచి కాక లోపలి నుంచే వచ్చింది. 1973లో రిచర్డ్ లెస్టర్ ‘ద త్రీ మస్కటీర్స్’ తీసినప్పుడు విలియం హాబ్స్ కూర్చిన పోరాటాల్లో మనుషులు రొప్పుతారు, జారిపడతారు, కాలితో తంతారు, చాకిరేవులో తడిబట్టలతో కొట్టుకుంటారు. కత్తి ఇనుము అని, దానికి బరువుందని, అలసట నిజమని ఆ సినిమా పట్టుబట్టింది. నాలుగేళ్ల తర్వాత అదే హాబ్స్ రిడ్లీ స్కాట్ మొదటి సినిమా ‘ద డ్యుయలిస్ట్స్’కు పనిచేశాడు. జోసెఫ్ కాన్రాడ్ కథ ఆధారంగా వచ్చిన ఆ సినిమాలో ఇద్దరు నెపోలియన్ సైనికులు ఏళ్ల తరబడి అర్థంలేని పగతో పొడుచుకుంటారు, ఒక దశలో కత్తి ఎత్తే ఓపిక కూడా ఉండదు. వీటిని చూశాక ‘స్కారమూష్’ అందంగా చేసిన అబద్ధంలా కనిపిస్తుందని కొందరు అంటారు. నేను అలా చూడను. లెస్టర్, స్కాట్ ఒంటి భాషను కాదనలేదు, ఆ భాషలోనే వేరే మాట చెప్పారు. పద్ధతిగా సాగే కత్తియుద్ధం ఏమిటో చూపరులకు ముందే తెలిసి ఉండకపోతే, చాకిరేవులో జారిపడడంలో పనితనం ఎవరికి కనిపిస్తుంది?

నిజంగా ఈ భాషను మరచిపోయింది గత రెండు మూడు దశాబ్దాల కంగారు ఎడిటింగ్. ఒక్కో దెబ్బకు ఒక్కో షాటు పెట్టి, పాదాలు కనిపించకుండా ముఖాలు, మొనలు మాత్రమే చూపించి, మిగతాది కంప్యూటర్‌తోనూ శబ్దంతోనూ నింపితే నటుడు వారాల తరబడి నేర్చుకోవాల్సిన పని ఉండదు. ఖర్చు తగ్గవచ్చు, ప్రమాదం తగ్గవచ్చు, ఇవి చిన్న లాభాలు కావు. కానీ అప్పుడు ఎవరు ఎవరికంటే మెరుగో, ఎందుకు మెరుగో ప్రేక్షకుడికి తెలియదు. ఒంటితో చేయాల్సిన వాదన మళ్లీ డైలాగు మీద పడుతుంది. ఈ దారికి పూర్తిగా వ్యతిరేకమైనది, అంతకుముందే వచ్చిన ‘ద ప్రిన్సెస్ బ్రైడ్’ సినిమా. విలియం గోల్డ్‌మన్ తన నవలకు తానే స్క్రీన్‌ప్లే రాయగా రాబ్ రైనర్ 1987లో దాన్ని తీశాడు. 1952 ఒలింపిక్స్‌లో బ్రిటన్ తరఫున కత్తి పట్టిన బాబ్ ఆండర్సన్, పీటర్ డైమండ్‌తో కలిసి నటులు కేరీ ఎల్వెస్, మాండీ పటింకిన్‌లకు రెండు చేతులతోనూ కత్తి నేర్పాడు. కొండ మీది పోరులో పల్టీలు తప్ప దాదాపు అంతా వాళ్లే చేశారు. పోరాడుతూనే పాత మాస్టర్ల పద్ధతుల పేర్లు చెప్పుకుంటారు, ఒకరి పనితనాన్ని మరొకరు మెచ్చుకుంటారు. పటింకిన్ వేసిన ఇనీగో తండ్రిని చంపిన దొరను వెతుక్కుంటూ ఇరవై ఏళ్లు కత్తి నేర్చుకున్నాడు. ఆ దొర కనిపించినప్పుడు తన పేరేమిటో, ఎవరి కొడుకో, ఎందుకొచ్చాడో ఎదురుగా నిలబడి చెప్పడం కోసమే ఆ చదువంతా. దెబ్బలు తిని గోడకు చేరబడి, నేలకు జారిపోతూ కూడా ఆ మాటలను మళ్లీ మళ్లీ అంటూ లేస్తాడు, అంటున్నకొద్దీ కత్తి నిలకడగా అవుతుంది.